శ్రీశైలం కాలిదారికి ముందు ఏ కొండ ఎక్కాలి? గుంటూరు, బెజవాడ వాళ్ల కోసం

శివరాత్రి దగ్గర పడేసరికి ప్రతి ఏడూ నన్ను ఎవరో ఒకరు అడుగుతారు: "వెంకటాపురం నుంచి శ్రీశైలం నడిచి వెళ్దామనుకుంటున్నాం, మావల్ల అవుతుందా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది మన గుంటూరులోనో బెజవాడలోనో పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లే. అవుతుందనీ చెప్పను, కాదనీ చెప్పను. "ముందు కొండవీడు పాత దారిలో ఎక్కి దిగి రండి, మర్నాడు మీ మోకాళ్లు ఏమంటున్నాయో చెప్పండి" అంటాను.

ఆ పెద్ద దారి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నంద్యాల జిల్లాలో ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో నడక మొదలవుతుంది. నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, మఠంబావి దాటి, భీముని కొలను లోయలోకి దిగి, మెట్లెక్కి కైలాస ద్వారం చేరాలి. అక్కడి నుంచి హటకేశ్వరం మీదుగా శ్రీశైలం. మొత్తం సుమారు 40 కిలోమీటర్లు, అంతా నల్లమల అడవే. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. అందుకే ఏడాదంతా ఎవరు పడితే వాళ్లు నడిచే దారి కాదు. శివరాత్రికి, ఉగాదికి భక్తుల కోసం తెరుస్తారు. ఉగాదికి కన్నడ దేశం నుంచి వచ్చే జనం అంతా ఇంతా కాదు. భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. చెంచుల లెక్కలోనూ ఆయన అల్లుడే. ఇన్ని ఇళ్లకు అల్లుడైన దేవుణ్ణి చూడటానికి ఇంత దూరం నడిచి పోవడంలో ఆశ్చర్యమేముంది!

చాలామంది అనుకున్నట్టు ఇది "మొత్తం నడువు, లేదా మానెయ్" అనే వ్యవహారం కాదు. పెద్ద నదికి పాయలున్నట్టు ఈ పెద్ద దారికీ పాయలున్నాయి. శ్రీశైలం వైపు నుంచి దిగి కొంత మేర నడిచి వెనక్కి రావచ్చు. మన ఊళ్ల దగ్గరున్న కొండల మీద అదే రకం ఎక్కుడు, అదే రకం రాళ్ల మెట్లు ముందే అలవాటు చేసుకోవచ్చు. ఏది ఎవరికి సరిపోతుందన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి. ఎత్తెంత, దూరమెంత అని అందరూ అడుగుతారు. నేనైతే "ఎక్కుడు మొదట వస్తుందా, చివర్లో వస్తుందా?" అని అడుగుతాను. కొండవీడులో, కొండపల్లిలో పొద్దున్నే చల్లటి పూట ఎక్కుతాం, ఎండెక్కాక దిగుతాం. సగంలో ఓపిక అయిపోతే వెనక్కి తిరిగితే చాలు, దిగుడే కాబట్టి ఇల్లు చేరతాం. భీముని కొలను దీనికి పూర్తిగా తలకిందులు. ముందు హాయిగా లోయలోకి దిగిపోతాం. తిరిగి వచ్చేటప్పుడు, ఎండ నెత్తికెక్కాక, నీళ్లు సగమయ్యాక, మెట్లెక్కాలి. అక్కడ సగంలో మానేయడం అంటూ ఉండదు. ఈ ఒక్క తేడా తెలియక ఇబ్బంది పడ్డవాళ్లే ఎక్కువ, అందులో మేమూ ఉన్నాం.

మూడేళ్ల కిందట శివరాత్రికి నాలుగు రోజుల ముందు నేనూ మా బావగారూ కైలాస ద్వారం నుంచి కిందికి దిగాం. పొద్దున ఆరింటికి బయల్దేరాలనుకున్నది, టిఫిన్లు, టీలు అయ్యేసరికి పది దాటింది. దిగేటప్పుడు ఏమీ తెలియలేదు. ఎదురుగా లోయ, చుట్టూ కొండలు, కింద నీళ్ల చల్లదనం. కొలను దగ్గర ఒక గంట కూర్చుండిపోయాం. తిరిగి ఎక్కడం మొదలుపెట్టిన పావుగంటకే బావగారి ముఖం ఎర్రబడింది. ఆ మెట్లు మన ఇళ్ల మెట్లలా ఒకే కొలతలో ఉండవు. ఒకటి జానెడు ఎత్తు, దాని పైది మోకాలి ఎత్తు, ఆ పైన రెండు రాళ్లు పక్కకు ఒరిగి మధ్యలో సందు. కాలు ఎంత ఎత్తాలో ప్రతి మెట్టుకూ కొత్తగా చూసుకోవాల్సిందే. అలుపు కాళ్లకంటే ముందు కళ్లకు వస్తుంది. బావగారు పది మెట్లు గబగబా ఎక్కడం, కూలబడటం, మళ్లీ లేవడం. కూర్చుని లేచిన ప్రతిసారీ తొడలు పట్టేసేవి. ఇద్దరి దగ్గరా కలిపి మిగిలింది అర లీటరు నీళ్లు. నాకు టెన్షన్ మొదలైంది.

అప్పుడే వెనక నుంచి ఒక కన్నడ పెద్దాయన వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయేమో, భుజాన కంబళి, చేతిలో కర్ర, కాళ్లకు చెప్పుల్లేవు. మమ్మల్ని చూసి ఆగి, ఒక్కటే మాట అన్నారు: "నిధాన." కన్నడంలోనూ ఆ మాట అదే కాబట్టి వేరే చెప్పించుకోనక్కర్లేకపోయింది. ఆయన ఎక్కే తీరు అప్పుడు గమనించాను. మెట్టు మీద పాదం నేరుగా పెట్టడం లేదు, కొంచెం అడ్డంగా, మడమతో సహా మొత్తం ఆనేలా పెడుతున్నారు. మెట్ల మధ్యలో నిటారుగా పోకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకు వాలుగా పోతున్నారు. ఇరవై మెట్లకోసారి ఆగుతారు, కూర్చోరు, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నాలుగు ఊపిర్లు తీసుకుని మళ్లీ కదులుతారు. మేమూ ఆయన వెనకే అలా ఎక్కాం. పైన అన్నదానం పందిరి దగ్గర మజ్జిగ తాగాక బావగారు మళ్లీ మనిషయ్యారు. పెద్దాయన ఎప్పుడు వెళ్లిపోయారో చూడనే లేదు.

అందుకని భీముని కొలను గురించి నా సలహా ఇది. శ్రీశైలం దాకా బస్సులోనో కారులోనో వెళ్లి, పెద్ద దారిలో ఒక ముక్క రుచి చూడాలనుకునేవాళ్లకు ఇంతకు మించింది లేదు. నలభై కిలోమీటర్ల నడకలో అందరూ తలచుకునేది ఈ చివరి మెట్లనే. దీన్ని ఒక పూటలో చూసిరావచ్చు. కానీ తెల్లవారుతుండగానే దిగాలి, తొమ్మిదింటికల్లా తిరుగుముఖం పట్టాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లకు తక్కువ కాకూడదు, అందులో సగం ఎక్కేటప్పటికి మిగలాలి. భక్తులకు దారి తెరిచిన రోజుల్లోనే వెళ్లండి. మిగతా రోజుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా దిగవద్దు. అది పులులు, ఎలుగుబంట్లు తిరిగే అడవి. పండగ రోజుల్లో జన సందడి ఉంటుంది కాబట్టి అవి దూరంగా ఉంటాయి. ఒంటరిగా పోయే ఇద్దరికి ఆ ధీమా ఉండదు.

శ్రీశైలంలోనే ఇంకొన్ని చిన్న దారులున్నాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఫాలధార పంచధార మేలు. హటకేశ్వరం ఎదురుగా రోడ్డు పక్కనే మెట్లు దిగుతాయి, నూట అరవై దాకా ఉంటాయి. కింద కొండ రాతి నుంచి నీటి ధారలు జారుతుంటాయి. ఆది శంకరులు తపస్సు చేసిన చోటని చెబుతారు. అరగంటలో దిగి ఎక్కేయవచ్చు. అంత చిన్నదైనా ఎక్కుడు చివర్లో వచ్చే దారి ఎలా ఉంటుందో ఒంటికి తెలియజేస్తుంది. అక్కడే ఆయాసపడితే ఆ రోజుకి భీముని కొలను ఆలోచన మానుకోండి. పాతాళగంగ మెట్లు ఇంకా పెద్ద పరీక్ష, అయితే అక్కడ రోప్‌వే ఉంది. మెట్ల మీద దిగి, మోకాళ్లు మొరాయిస్తే రోప్‌వేలో పైకి రావచ్చు. అందుకే మొదటిసారి వచ్చేవాళ్లకు దాన్నే చెబుతాను. అక్కమహాదేవి గుహలకు పాతాళగంగ నుంచి బోటులో వెళ్లాలి, నడక తక్కువ. ఇష్టకామేశ్వరికి అడవిలో జీపు ప్రయాణమే ఎక్కువ. రెండూ బాగుంటాయి, కానీ నడక కోసం వెళ్లేవాళ్లు వాటిని లెక్కలో వేసుకోకండి.

ఇక ఇంటి దగ్గర కొండలు. గుంటూరు వాళ్లకు మొదట కొండవీడే చెబుతాను. శ్రీశైలం దారికీ కొండవీడుకూ చుట్టరికం ఉంది. 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించింది రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి. ఆయన అద్దంకి నుంచి ఏలాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీడుకు మార్చాడు. అనవోతారెడ్డి తమ్ముడు అనవేమారెడ్డి శ్రీశైలం గుడిలో వీరశిరోమండపం కట్టించాడు. మల్లన్న కొండకు మెట్లు వేసిన ఇంటివాళ్ల కోట ఎక్కి మన కాళ్లు సాధన చేస్తున్నామంటే నాకు ఎంతో ఇష్టంగా ఉంటుంది.

కొండవీడుకు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది, కారులో పైదాకా వెళ్లిపోవచ్చు. సాధనకు వెళ్లేవాళ్లు మాత్రం దాన్ని వదిలేసి ఊళ్లోంచి పోయే పాత కాలిదారి పట్టాలి. కింద గోపీనాథస్వామి గుడి, జనం కత్తులబావి అని పిలిచేది, చూసుకుని బయల్దేరండి. సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల పైచిలుకు ఎత్తు. పుస్తకంలో చదివితే చిన్నగానే అనిపిస్తుంది. కానీ పల్నాడు ఎండకు కాగిన ఆ రాళ్లు చాలాచోట్ల నీడ ఇవ్వవు. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడున్నాయి. కొండ మీద కురిసిన వాన చుక్కను అలా పట్టి, ఒక రాజధానికి అక్కడే నీళ్లు తాగించారు. చెరువుల దాకా వచ్చి వెనుదిరక్కండి. అసలు నడక ఆ తర్వాతే. గోడ వెంట బురుజు నుంచి బురుజుకు, గుట్ట నుంచి గుట్టకు దిగుతూ ఎక్కుతూ పోతే రెండు మూడు గంటలు ఇట్టే గడుస్తాయి. నల్లమల దారి సరిగ్గా అలాంటిదే, ఒక్క ఎక్కుడు, ఒక్క దిగుడుతో అయిపోదు. ఈ ఎక్కి దిగడాల మార్పుకు కాళ్లను అలవాటు చేసే కొండ మన చుట్టుపక్కల ఇదొక్కటే అని నా నమ్మకం. ముళ్లపొదలు ఎక్కువ కాబట్టి నిండు ప్యాంటు వేసుకోండి. వానలు వెనకబట్టాక వెళ్తే సీతాఫలాల కాలం. కొండవీడు సీతాఫలం తియ్యదనం గుంటూరు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

బెజవాడ వాళ్లు కొండవీడు దాకా ఎందుకు, మాకు కొండపల్లి ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. రైలు స్టేషన్ ఉంది, సిటీ బస్సులు ఉన్నాయి, తెల్లవారుజామున బయల్దేరి టిఫిన్ వేళకు ఇంటికి రావచ్చు. ఇక్కడా ఘాట్ రోడ్డు ఉంది, ఇక్కడా నడిచేవాళ్ల దారి వేరే ఉంది. ఎక్కుతుంటే ఒకదాని తర్వాత ఒకటి కోట ద్వారాలు వస్తాయి. దర్గా దర్వాజా దాటాక పైన తానీషా మహల్, అవతలి వైపు గోల్కొండ దర్వాజా. కొండవీడుతో పోలిస్తే ఎక్కుడు చిన్నది, కానీ ఒక విషయంలో కొండపల్లి ముందుంటుంది: నీడ. చుట్టూ ఉన్నది రిజర్వ్ ఫారెస్టు, కృష్ణా తీరాన మిగిలిన మంచి అడవుల్లో ఒకటి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు పెరిగేది ఈ కొండల్లోనే. ఆ చెట్టు చెక్క చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. పిల్లలను తీసుకెళ్తే కోట కంటే ముందు కింద బొమ్మలు చెక్కేవాళ్ల దగ్గర కాసేపు ఆగండి, తర్వాత ఎక్కేటప్పుడు చెట్లను వేరే కళ్లతో చూస్తారు. అడవి చూసి ముచ్చటపడి కోట దాటి లోపలి బాటల్లోకి మాత్రం మీ అంతట మీరు పోకండి.

కాబట్టి రెంటిలో ఒకటే ఎంచుకోమంటే, పిల్లలతో, మొదటిసారి, లేదా మార్చి దాటాక వెళ్తే కొండపల్లి. శ్రీశైలం నడక మీద నిజంగా మనసు పెట్టుకుంటే కొండవీడు. వీలైతే మొదటి నెల కొండపల్లి, రెండో నెల కొండవీడు. ఎండాకాలంలో ఏదీ వద్దు, బెజవాడ మే నెల ఎండలో కొండెక్కడం సాధన కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

నరసరావుపేట చుట్టుపక్కల వాళ్లకు కోటప్పకొండ ఇల్లులాంటిది. త్రికూటేశ్వరుడి గుడి దాకా అందరూ వెళ్తారు. నడకకు పనికొచ్చేది ఆ పైన రుద్రశిఖరం మీదున్న పాత కోటప్ప గుడి దారి. గుడి దాకా మెట్ల మీద ఎక్కి, దర్శనం చేసుకుని, మళ్లీ పైకి కదిలితే ఒకే పూటలో రెండు ఎక్కుళ్లు. ఒకసారి ఆగి చల్లబడిన కాళ్లను మళ్లీ కదిలించడం నేర్పేది ఇదే, అడవి దారిలో ప్రతి మజిలీ తర్వాతా అదే పని. శివరాత్రి ప్రభల రోజుల్లో మాత్రం సాధన పేరుతో అటు వెళ్లకండి, ప్రభలు చూడటానికి వెళ్లండి. కోతుల సంగతి తెలిసిందే, సంచిలో అరటిపండ్లు పైకి కనిపించనీయకండి.

మంగళగిరిని చాలామంది సాధన కొండగా లెక్కపెట్టరు. నేను పెడతాను. గుంటూరుకూ బెజవాడకూ నడుమ ఉంది, ఆదివారం ఒక్కటే సెలవు ఉన్నవాళ్లకు ఇంతకంటే వీలైన చోటు లేదు. పానకాల స్వామి గుడికి మెట్లు 1890లో వేయించారు. రోడ్డు ఉన్నా జనం ఇప్పటికీ ఈ మెట్ల మీదే ఎక్కుతున్నారు. శివదీక్షలో ఉండి చెప్పుల్లేకుండా నడవాలనుకునేవాళ్లు పాదాలను ఇక్కడే అలవాటు చేసుకోవాలి. మొదటి వారం ఒకసారి ఎక్కి దిగండి, మూడో వారానికి రెండుసార్లు. ఎనిమిది దాటితే రాయి కాలడం మొదలవుతుంది, ఆ లోపే ముగించండి. ఇంకా పైకి, కొండ శిఖరాన గండాలయస్వామి దీపం దగ్గరికి వెళ్లే దారి నిటారు. ఓపిక మిగిలితే అది కూడా కలుపుకోండి.

గుళ్లో అర్చకస్వామి శంఖంతో పానకం పోస్తుంటే స్వామి నోట గుటక వేసిన చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది, మిగిలిన సగం మనకు ప్రసాదం. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన ఆ పానకం చెమటోడ్చి ఎక్కినవాడి గొంతులో దిగుతుంటే ఏ డ్రింకూ సాటి రాదు. అప్పటి నుంచి నేను అడవి నడకకూ ఒక బాటిల్ పానకం కలుపుకునే వెళ్తున్నాను, అందులో చిటికెడు ఉప్పు అదనంగా. పై గుడి మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు, సాయంత్రాలు దేవతలు పూజ చేసుకునే వేళ అని నమ్మకం. సాయంత్రం చల్లబడ్డాక వెళ్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బెజవాడలో రోజూ నడవాలనుకునేవాళ్లకు గుణదల మేరీమాత కొండ, గాంధీ కొండ చాలు. కొత్త చోటు చూడటానికి కాదు, వారం మధ్యలో కాళ్లు మరిచిపోకుండా ఉండటానికి.

ఇక లెక్క వేసుకోండి. ఫిబ్రవరిలో శివరాత్రి అనుకుంటే, నవంబరు నుంచి వారానికి రెండు రోజులు ఊళ్లోని కొండ, నెలకు ఒకసారి కొండవీడు. డిసెంబరు నాటికి కొండవీడులో ఆరు గంటలు తిరిగి మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లగలిగితే వెంకటాపురం నుంచి మొత్తం దారి నడవచ్చు, మధ్యలో ఒక రాత్రి మజిలీతో. ఆరు గంటలు తిరిగాక రెండు రోజులు మెట్లు దిగలేకపోతే ఈ ఏడాదికి భీముని కొలను ముక్క చాలు. మూడు గంటలకే కూలబడితే పాతాళగంగ, ఫాలధార. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఈ లెక్కతో పాటు డాక్టరును కూడా అడగాలి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ఎక్కుడు గురించి భయపడతారు గానీ వాళ్లకు అసలు ఇబ్బంది దిగుడుతోనే. చేతికర్ర తప్పకుండా ఉండాలి, దిగేటప్పుడు ముందు కర్ర కింది మెట్టు మీద ఆనించి తర్వాత కాలు దించాలి.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లు నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా పోతారు. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం, ఆగి వెళ్లడం మంచిది. దోర్నాల తర్వాత ఘాట్ రోడ్డును రాత్రిళ్లు మూసేస్తారు, కాబట్టి గుంటూరులో మధ్యాహ్నం భోజనం చేసి బద్ధకంగా బయల్దేరితే దోర్నాలలోనే తెల్లవారవచ్చు. పొద్దున్నే బయల్దేరి, సాయంత్రానికి శ్రీశైలం చేరి, దర్శనం చేసుకుని తొందరగా పడుకోండి. మర్నాడు నాలుగింటికి లేస్తే కైలాస ద్వారం దగ్గర వెలుగు వచ్చేసరికి మొదటి మెట్టు మీద ఉంటారు.